ఇంటి వర్క్‌షాపులో తొలి మోడల్ ఇంజన్: మొదటి గీత నుంచి మొదటి పరుగు దాకా

చిన్న లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. "డ్రాయింగ్‌లో ఉన్నట్టే అన్నీ చేశాను. ఇంజన్ తిరగడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?"

చాలాసార్లు తప్పు చేతిలో ఉండదు, వరుసలో ఉంటుంది. ఒక్కో భాగాన్ని విడిగా డ్రాయింగ్ కొలతకు చేసి చివర్లో బిగిస్తే, ఒక్కొక్కదానిలో 0.1 మి.మీ. తేడా ఉన్నా అవన్నీ కలిసి ఇంజన్‌ను ఆపేస్తాయి. అప్పటికే చేసిన భాగాన్ని కొలిచి, దానికి సరిపోయేలా తర్వాతి భాగం చేసుకుంటూ పోతే సాధారణ చేతికైనా ఇంజన్ తిరుగుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

మొదటి ఇంజన్‌గా ఊగే సిలిండర్ ఇంజన్‌ను తీసుకుందాం. దీనికి విడిగా వాల్వు ఉండదు. సిలిండర్ అటూ ఇటూ ఊగుతూ తన రంధ్రాన్ని స్తంభంలోని (సిలిండర్‌నూ షాఫ్ట్‌నూ మోసే నిలువు ప్లేటు) రెండు రంధ్రాలకు వంతులవారీగా కలుపుతుంది. ఒకదాని నుంచి గాలి లోపలికి వస్తుంది, రెండోదాని నుంచి బయటికి పోతుంది. కంప్రెస్డ్ ఎయిర్‌తోనే నడుపుతాం. ఆవిరి జోలికి వెళ్లొద్దు. ఇంట్లో బాయిలర్ చేయడం పూర్తిగా వేరే విషయం, దాని ప్రమాదాలూ వేరు.

## 1. ముందే ఖాయం చేసుకోవలసిన కొలతలు

ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి లేత్ పక్కన అంటించుకోండి.

- సిలిండర్ బోర్ (లోపలి రంధ్రం): 10 మి.మీ.
- స్ట్రోక్ (పిస్టన్ ఒక వైపుకు కదిలే దూరం): 20 మి.మీ. అంటే క్రాంక్ పిన్ (పిస్టన్ రాడ్ తగిలే పిన్ను) షాఫ్ట్ మధ్య నుంచి 10 మి.మీ. దూరంలో ఉండాలి
- పివట్ (సిలిండర్ ఊగే ఇరుసు) నుంచి షాఫ్ట్‌కు దూరం: 45 మి.మీ.
- పివట్ నుంచి సిలిండర్ పోర్టుకు (గాలి రంధ్రం) దూరం: 14 మి.మీ.
- పోర్టు రంధ్రాలన్నీ: 2.5 మి.మీ.

ఈ లెక్కలో సిలిండర్ నిలువు గీత నుంచి అటూ ఇటూ 13 డిగ్రీలకు కొంచెం తక్కువగా ఊగుతుంది. దాంతో పోర్టు మధ్య గీత నుంచి చెరో వైపు 3.1 మి.మీ. జరుగుతుంది. రంధ్రం 2.5 మి.మీ. కాబట్టి సిలిండర్ నిటారుగా ఉన్న క్షణంలో రెండు దారులూ మూసుకుని, ఇంకా 0.6 మి.మీ. మిగులు ఉంటుంది. గాలి నేరుగా బయటికి జారిపోకుండా ఆపేది ఆ 0.6 మాత్రమే. పోర్టు పెద్దదైతే బలం పెరుగుతుందనుకుని 3.5 డ్రిల్ వేస్తే ఆ మిగులు పోయి, ఇంజన్ బుస్సుమంటూ కదలకుండా ఉండిపోతుంది.

అమెరికాలో ఉండి అంగుళాల పనిముట్లు వాడేవాళ్లు 3/8 అంగుళం రీమర్‌తో (డ్రిల్ చేసిన రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు నునుపుగా తెచ్చే పనిముట్టు) బోర్ 9.525 మి.మీ. చేసుకోవచ్చు. పిస్టన్‌ను దానికి సరిపెడితే చాలు, మిగతా కొలతలు మారవు.

## 2. సామాను, పనిముట్లు

లోహపు ముక్కలు సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తూకానికి దొరుకుతాయి. కొత్త కడ్డీ మొత్తం కొనక్కర్లేదు, ముక్కలు అడగండి.

లోహం

- సిలిండర్‌కు: 20 × 20 చదరపు ఇత్తడి కడ్డీ, 50 మి.మీ. ముక్క
- స్తంభానికి: 10 మి.మీ. మందం అల్యూమినియం ప్లేటు, 40 × 105
- బేస్‌కు: అదే ప్లేటు, 80 × 60
- షాఫ్ట్‌కు 6 మి.మీ. సిల్వర్ స్టీల్ (కొలతకు నునుపుగా వచ్చే ఉక్కు, వెండి కాదు) కడ్డీ. పిన్ను, పివట్, పిస్టన్ రాడ్‌లకు 4 మి.మీ. కడ్డీ
- బుష్‌కు (షాఫ్ట్ తిరిగే గొట్టం): 16 మి.మీ. గన్‌మెటల్ (ఒక రకం కంచు) కడ్డీ
- పిస్టన్‌కు 12 మి.మీ., క్రాంక్ డిస్క్‌కు 32 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రౌండు
- ఫ్లైవీల్‌కు: 65 మి.మీ. ఎం.ఎస్. రౌండు, 15 మి.మీ. మందం
- బిగ్ ఎండ్‌కు (రాడ్ క్రాంక్ పిన్నుకు తగిలే చివర) చిన్న ఇత్తడి ముక్క, జిగ్‌కు (డ్రిల్‌కు చోటు చూపే పట్టీ) 8 × 3 పట్టీ

పనిముట్లు

- 180 మి.మీ. స్వింగ్ (లేత్‌లో తిరగగల గరిష్ఠ వ్యాసం) ఉన్న మినీ లేత్ చాలు. నాలుగు దవడల చక్ మాత్రం తప్పనిసరి
- డ్రిల్లింగ్ మెషిన్, మెషిన్ వైస్
- 10, 6, 4 మి.మీ. రీమర్లు
- ఎం3, ఎం4, ఎం5 (అంటే 3, 4, 5 మి.మీ. మర) ట్యాపులు (రంధ్రం లోపల మర కోసేవి), వాటికి 2.5, 3.3, 4.2 డ్రిల్ బిట్లు, ఎం4 డై (కడ్డీ మీద మర కోసేది)
- డయల్ గేజ్, వెర్నియర్. 0–25 మైక్రోమీటర్ ఉంటే పిస్టన్ పని చాలా తేలిక
- 400, 800, 1200 ఎమరీ కాగితం, మందమైన అద్దం ముక్క

మిల్లింగ్ మెషిన్ అవసరం లేదు. అది లేదని ఈ పని వాయిదా వేస్తున్నవాళ్లు ఇవాళే మొదలుపెట్టవచ్చు.

ప్రతిసారీ చూసుకోవలసినవి: కళ్లద్దాలు పెట్టుకోవాలి. చేతికి గ్లౌజులు ఉండకూడదు. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, మెడలో గొలుసు వద్దు. చక్ కీ చేతిలోంచి వదిలే ముందు చక్‌లోంచి తీసేయాలి. కొలిచేటప్పుడు మెషిన్ పూర్తిగా ఆగాలి. రజనును గాలితో ఊదకండి, బ్రష్‌తో తుడవండి. ఇత్తడి రజను సూదుల్లా ఎగిరి కంట్లో పడుతుంది.

## 3. ముందు స్తంభం

చాలామంది సిలిండర్‌తో మొదలుపెడతారు. నేనైతే స్తంభంతోనే మొదలుపెట్టమంటాను. మిగతా భాగాలన్నీ దాన్ని ఆనుకునే ఉంటాయి కాబట్టి.

1. ప్లేటు కింది అంచును ఆకురాయితో నిటారుగా సరిచేసి, గుణియ పెట్టి చూడండి. ఎత్తులన్నీ ఈ అంచు నుంచే.
2. ముఖం మీద మధ్య గీత గీయండి. కింది అంచు నుంచి 35 మి.మీ. వద్ద షాఫ్ట్, 80 మి.మీ. వద్ద పివట్ గుర్తించి సెంటర్ పంచ్ కొట్టండి.
3. రెండు రంధ్రాలనూ ప్లేటును మళ్లీ బిగించే పని లేకుండా ఒకే బిగింపులో వేయండి. అప్పుడే రెండూ ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి. షాఫ్ట్‌కు 9.8 వేసి 10 రీమర్, పివట్‌కు 3.9 వేసి 4 రీమర్.
4. రంధ్రాల్లో 10, 4 మి.మీ. కడ్డీలు దూర్చి బయటి నుంచి బయటికి వెర్నియర్‌తో కొలవండి. 52 రావాలి. 52.2 వచ్చినా కంగారు పడకండి. అసలు దూరం 45.2 అని రాసుకోండి.
5. పివట్ ఉన్న ముఖాన్ని అద్దం మీద పరిచిన ఎమరీ కాగితంపై ఎనిమిది ఆకారంలో రుద్దండి. 400తో మొదలుపెట్టి 1200తో ముగించండి.

రీమర్‌ను ఎప్పుడూ వెనక్కి తిప్పకండి. బయటికి తీసేటప్పుడు కూడా ముందుకే తిప్పుతూ లాగాలి. వెనక్కి తిప్పితే అంచులు మొద్దుబారి, రంధ్రం గీతలు పడుతుంది.

పోర్టులు ఇప్పుడే వేయొద్దు. వాటి వంతు తర్వాత వస్తుంది.

## 4. సిలిండర్

ఎక్కువ సమయం పట్టే భాగం ఇదే. ఒక పూట పూర్తిగా దీనికే కేటాయించండి.

బోర్. ఇత్తడి ముక్కను 35 మి.మీ. పొడవుకు రెండు చివరలా ఫేసింగ్ చేయండి (చదునుగా కోయండి). బోర్ కడ్డీకి సరిగ్గా మధ్యలో ఉండకూడదు. పోర్టు ముఖం వైపు గోడ 6 మి.మీ., ఎదుటి వైపు 4 మి.మీ. రావాలి. ఆ 6 మి.మీ. గోడలోనే పివట్ మరలు పట్టాలి. నాలుగు దవడల చక్‌లో డయల్ గేజ్ పెట్టి ముక్కను 1 మి.మీ. పక్కకు జరపండి. ముక్క పొడవునా గేజ్ నడిపి, అది చక్‌లో వాలిపోలేదని చూడండి.

సెంటర్ డ్రిల్, ఆపై 5, 8, 9.8 డ్రిల్, చివర 10 రీమర్. రీమింగ్‌కు వేగం 150–200 ఆర్‌పీఎం దాటొద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మామూలు డ్రిల్ బిట్ ఇత్తడిలో కొరుక్కుపోయి ఒక్కసారిగా లోపలికి లాక్కుంటుంది. ముక్క చక్‌లోంచి ఊడిపోవచ్చు కూడా. బిట్ కోసే అంచుల ముందు వైపు నూనె రాయితో రెండు మూడు సార్లు రుద్ది పదును తగ్గిస్తే అది లాగదు. ఇత్తడికి ఒక బిట్ల జత విడిగా పెట్టుకోవడం మంచిది.

పోర్టు ముఖం. ముక్కను చక్‌లో అడ్డంగా, పోర్టు ముఖం మీ వైపు ఉండేలా పట్టండి. బోర్‌లో 10 మి.మీ. కడ్డీ దూర్చండి, రెండు వైపులా కొంచెం బయటికి రావాలి. క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే లేత్ భాగం) మీద డయల్ గేజ్ పెట్టి కడ్డీ రెండు చివరలా చూడండి. రెండు చోట్లా సూది ఒకే అంకె దగ్గర ఉంటే బోర్, ముఖం సమాంతరమైనట్టే. పివట్ స్థానం కవర్ వచ్చే చివర నుంచి 17 మి.మీ. దగ్గర, వెడల్పుకు సరిగ్గా మధ్యలో గుర్తించి, ఆ గుర్తు లేత్ మధ్యకు వచ్చేలా సరిచేయండి. కడ్డీ తీసేసి, చక్‌ను ఒకసారి చేత్తో తిప్పి ఎక్కడా తగలదని చూసుకున్నాకే మెషిన్ వేయండి.

ఆపై ఈ పనులన్నీ ముక్క విప్పకుండా ఒకే సెట్టింగ్‌లో:

- ముఖాన్ని పలుచగా ఒక కోత కోయండి
- పివట్ చుట్టూ 14 మి.మీ. వృత్తం మేర 0.3 మి.మీ. లోతు తగ్గించండి. ఇలా చేస్తే ముఖం అంచుల మీద నిలకడగా కూర్చుంటుంది
- 3.3 డ్రిల్ 5 మి.మీ. లోతు వేయండి, మొన కూడా ఆ లోతులోకే లెక్క
- టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా ఉండే లేత్ భాగం) ఆసరాతో చేత్తో ఎం4 ట్యాప్ వేయండి

పివట్ వంకరగా ఉంటే ఏ స్ప్రింగూ ఆ ముఖాన్ని మూయలేదు. ఒకే సెట్టింగ్ అని ఇంత పట్టుబట్టేది అందుకే.

కవర్. 20 × 20, 3 మి.మీ. మందం. లోపలికి దిగే గట్టు 1.5 మి.మీ. మాత్రమే ఉండాలి, అంతకు మించితే పోర్టును మూసేస్తుంది. నాలుగు మూలలా అంచుల నుంచి 3 మి.మీ. లోపలికి ఎం3 మరలు, కింద నూనెలో తడిపిన పలుచటి కాగితం గాస్కెట్.

## 5. పోర్టులకు జిగ్

నా మొదటి ఇంజన్‌కు పోర్టులను స్కేలుతో గుర్తించి డ్రిల్ చేశాను. ఒకటి సరైన చోట, రెండోది 0.8 మి.మీ. పక్కన పడింది. స్తంభం మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత చేసిన ప్రతి ఇంజన్‌కూ ముందు జిగ్ చేసుకున్నాను.

1. 8 మి.మీ. వెడల్పు, 65 మి.మీ. పొడవు పట్టీ తీసుకోండి. మధ్య గీత మీద ఒక చివర దగ్గరగా 2.5 మి.మీ. రంధ్రం, దాని నుంచి 14 మి.మీ. దూరంలో 4 మి.మీ. రంధ్రం వేయండి.
2. 12 మి.మీ. వ్యాసం ఉన్న ఒక బొత్తాం తిప్పండి. దాని కింద 10 మి.మీ. మొలక ఉండాలి, అది స్తంభంలోని షాఫ్ట్ రంధ్రంలో కూర్చుంటుంది.
3. పట్టీని ముందు సిలిండర్ మీద పివట్ రంధ్రానికి ఎం4 బోల్టుతో బిగించి, మధ్య గీతకు సరిపెట్టి, కవర్ వైపు 2.5 డ్రిల్‌ను బోర్‌లోకి దించండి.
4. అదే పట్టీని స్తంభం పివట్ రంధ్రంలో పిన్ను మీద పెట్టండి. 2.5 రంధ్రం పైకి, తోక కిందికి ఉండాలి. తోకను బొత్తాం ఎడమ పక్కకు ఆనించి, క్లాంపు వేసి, 6 మి.మీ. లోతు డ్రిల్ చేయండి. తర్వాత కుడి పక్కకు ఆనించి రెండోది వేయండి.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. పట్టీ సగం వెడల్పు 4, బొత్తాం సగం 6, కలిపితే 10. అంటే పట్టీ మధ్య గీత షాఫ్ట్ నుంచి సరిగ్గా క్రాంక్ దూరంలో ఉంటుంది. సిలిండర్ పూర్తిగా ఊగినప్పుడు ఉండే వాలు కూడా అదే. మీ 45 కాస్తా 45.2 అయినా, 14 కాస్తా 14.1 అయినా జిగ్ ఆ తేడాను తనలోనే కలిపేసుకుంటుంది. సిలిండర్‌కూ స్తంభానికీ ఒకే పట్టీ వాడటం వల్ల పోర్టులు కలవక తప్పదు.

గాలి దారులు. పోర్టుల ఎత్తులో, ప్లేటు మందానికి మధ్యలో, రెండు పక్కల అంచుల నుంచి 2.5 డ్రిల్ 17.5 మి.మీ. లోతు వేయండి. బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. ఇంకా లోపలికి వెళ్తే రెండు దారులూ కలిసిపోతాయి, అప్పుడు స్తంభం పనికిరాదు. గాలి వచ్చే పక్కను 4.2తో 8 మి.మీ. లోతు పెంచి ఎం5 ట్యాప్ వేయండి. న్యూమాటిక్ సామాను దుకాణాల్లో ఎం5 నిపుల్, దానికి సరిపడే ట్యూబు దొరుకుతాయి. రెండో పక్క తెరిచే ఉంటుంది.

డ్రిల్ చేశాక ముఖాన్ని 1200 కాగితం మీద మళ్లీ ఒకసారి రుద్దండి. రంధ్రం అంచున కంటికి కనిపించని బర్ (లేచి నిలిచిన లోహపు అంచు) మిగిలినా ముఖాలు అతుక్కోవు.

## 6. పిస్టన్, రాడ్

పిస్టన్ పొడవు 12 మి.మీ. ముందుగా ఎం4 రంధ్రం వేసి, రాడ్‌ను బిగించి, రాడ్‌ను పట్టుకుని పిస్టన్ బయటి వ్యాసాన్ని తిప్పండి. అప్పుడు రెండూ ఒకే గీత మీద ఉంటాయి. చివరికి 9.98 రావాలి. చివరి ఒకటి రెండు వందో వంతులు టూల్‌తో కాకుండా 1200 కాగితం, నూనెతో తీయండి. మధ్యలో 0.5 మి.మీ. లోతు గాడులు రెండు పెట్టండి, నూనె వాటిలో నిలుస్తుంది.

గ్రైండింగ్ పేస్టు వేసి పిస్టన్‌ను సిలిండర్‌లో ఆడించి సరిపెట్టే అలవాటు కొందరికి ఉంది. ఇత్తడిలో అది వద్దు. ఆ గరుకు పొడి మెత్తటి లోహంలో దిగబడి, ఇంజన్ ఉన్నంతకాలం పిస్టన్‌ను అరగదీస్తూనే ఉంటుంది.

పరీక్ష: కవర్ బిగించి, పిస్టన్‌కు నూనె రాసి లోపలికి నెట్టండి. పోర్టును వేలితో మూసి రాడ్‌ను కొంచెం లాగి వదలండి. తిరిగి లోపలికి లాక్కుపోతే ఫిట్ బాగున్నట్టు. అక్కడే నిలబడిపోతే లూజు. మరో పిస్టన్ చేయండి, దానికి గంట చాలు.

బిగ్ ఎండ్ ఇత్తడి ముక్క 7 మి.మీ. మందం, 4 మి.మీ. రీమర్ రంధ్రం, పక్క నుంచి ఎం4 మర. రాడ్ చివర డైతో మర కోసి దానిలోకి ఎక్కించండి. పిన్ను మధ్య నుంచి పిస్టన్ పై ముఖానికి 47.5 మి.మీ. రావాలి. స్తంభం దూరం 45.2 వచ్చి ఉంటే దీన్ని 47.7 చేయండి. బిగ్ ఎండ్‌ను అర చుట్టు తిప్పితే 0.35 మి.మీ. మారుతుంది కాబట్టి కావలసిన చోటుకు దగ్గరగా తెచ్చుకోవచ్చు. పిస్టన్ పోర్టును దాటి పైకి వెళ్లకుండా చూడటమే ముఖ్యం.

## 7. బుష్, క్రాంక్, ఫ్లైవీల్

బుష్ పొడవు 20 మి.మీ., బయట 10, లోపల 6 రీమర్, ముందు వైపు 1 మి.మీ. అంచు. వైస్‌లో చెక్క ముక్కల మధ్య నొక్కి ఎక్కించండి. నొక్కాక లోపల కొంచెం బిగుసుకుంటుంది, 6 రీమర్ మళ్లీ ఒకసారి నడపండి.

క్రాంక్ డిస్క్ 30 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. మందం. షాఫ్ట్, పిన్ను పెట్టాక బయటి నుంచి బయటికి 15 మి.మీ. రావాలి. అతకడానికి లాక్‌టైట్ 638 లాంటి రిటైనింగ్ కాంపౌండ్ వాడండి. లోహాన్ని ముందు థిన్నర్‌తో తుడవండి, రాత్రంతా వదిలేయండి. పిన్ను 8 మి.మీ. బయటికి ఉంటే చాలు.

ఫ్లైవీల్ 60 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. మందం. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో 130–150 ఆర్‌పీఎం. బయటి అంచు, ముఖం, మధ్య రంధ్రం ఒకే బిగింపులో చేస్తే ఊగదు. ఎం4 గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూ) షాఫ్ట్ వెనక చివర బిగించండి.

## 8. కూర్పు

- అన్ని భాగాలనూ కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టారా?
- పివట్ స్టడ్ సిలిండర్‌లో బిగించాక బోర్‌లోకి పొడుచుకు రాకుండా ఉందా? పిస్టన్ దూర్చి చూడండి
- షాఫ్ట్ నూనెతో వేలి తాకిడికే తిరుగుతోందా?
- స్ప్రింగ్ లేకుండా, సిలిండర్‌ను వేలితో ఆనించి ఫ్లైవీల్ తిప్పితే పూర్తి చుట్టు ఎక్కడా పట్టకుండా వస్తోందా?

నాలుగింటికీ అవునంటేనే స్ప్రింగ్ పెట్టండి. మెత్తటి స్ప్రింగ్ చాలు, దాని వెనక రెండు నట్లు ఒకదానికొకటి బిగించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు స్ప్రింగ్‌ను గట్టిగా బిగించడం. గాలి కారుతోందని బిగిస్తారు, రాపిడి పెరిగి ఇంజన్ ఆగుతుంది. కారడానికి కారణం ముఖం, దాన్ని సరిచేయాలి.

మొదటిసారే గాలి ఇవ్వొద్దు. షాఫ్ట్‌ను లేత్ చక్‌లో పట్టి 300 ఆర్‌పీఎం వద్ద అరగంట తిప్పండి, మధ్య మధ్య కుట్టు మెషిన్ నూనె వేయండి. నూనె నల్లగా వస్తుంది. విప్పి, కడిగి, మళ్లీ కూర్చండి.

## 9. మొదటి పరుగు, తిరగకపోతే చూడవలసినవి

రెగ్యులేటర్‌ను 1 బార్‌కు పెట్టి, పోర్టులో రెండు చుక్కల నూనె వేసి, ఫ్లైవీల్‌ను వేలితో తిప్పండి. ఇది ఒక వైపే తోసే ఇంజన్, తనంతట తాను మొదలవదు. ఒక దిక్కుకు కదలకపోతే రెండో దిక్కుకు తిప్పి చూడండి. గాలి వచ్చే పోర్టును బట్టి అది ఒకే దిక్కుకు తిరుగుతుంది.

బుస్సుమంటోంది, కదలదు. ముఖాల చుట్టూ సబ్బు నీళ్లు రాయండి. ఒక పక్కనే బుడగలు వస్తే పివట్ వంకర. అంతటా వస్తే ముఖం చదునుగా లేదు, అద్దం మీద మళ్లీ రుద్దాలి. బుడగలు లేకుండా ఎగ్జాస్ట్ నుంచే గాలి ఆగకుండా వస్తే లోపల దారులు కలిశాయి.

ఒక చోట పట్టేస్తోంది. ప్రతి చుట్టూ అదే చోట అయితే క్రాంక్ పిన్ను వాలి ఉంది, లేదా బిగ్ ఎండ్ బోర్ గీతలో లేదు. స్తంభం ముఖం నుంచి బిగ్ ఎండ్ మధ్యకు 11 మి.మీ. ఉందో లేదో కొలవండి, తేడా ఉంటే పలుచటి వాషర్‌తో సరిచేయండి.

టక్ టక్ చప్పుడు. పిస్టన్ కవర్‌కు తగులుతోంది, లేదా బిగ్ ఎండ్ రంధ్రం లూజు. రాడ్‌ను అర చుట్టు తగ్గించి చూడండి.

2 బార్ దాటితేనే తిరుగుతోంది. స్ప్రింగ్ వదులు చేయండి. అయినా అంతే అయితే పిస్టన్‌ను విప్పి, మెరిసిన చోట మాత్రం 1200 కాగితం వేయండి.

సిలిండర్ ముఖం నుంచి లేచిపోతోంది. గాలి ఎక్కువైంది. స్ప్రింగ్ బిగించే ముందు ఒత్తిడి తగ్గించండి.

తిరగడం మొదలయ్యాక అది ఆగేదాకా రెగ్యులేటర్‌ను నెమ్మదిగా తగ్గించి, ఏ అంకె దగ్గర ఆగిందో రాసుకోండి. స్ప్రింగ్ నట్టు పావు చుట్టు వదిలి మళ్లీ చూడండి. అంకె ఇంకా కిందికి వెళ్తే మరో పావు. ముఖం దగ్గర గాలి కారడం మొదలైన చోట పావు చుట్టు వెనక్కి బిగించి నట్లు లాక్ చేయండి. గంట నడిచాక సిలిండర్ విప్పి ముఖం చూడండి. పోర్టు చుట్టూ మెరుపు ఎక్కడా తెగకుండా ఉంటే ముఖం కుదిరినట్టే. ఒక పక్క మసకగా ఉంటే ఆ వైపు ఇంకా ఆనడం లేదు, మరో గంట నడిపి మళ్లీ చూడండి.